డబ్బాలోకి ఎక్కని సినిమా

2021 ఫిబ్రవరిలో మా సంస్థ నన్ను సూరత్‌కు పంపింది. అప్పటికి నేను మార్కెట్ రీసెర్చ్‌లో ఫీల్డ్ మేనేజర్‌ని. పదవీ విరమణకు ఇంకా దాదాపు రెండేళ్లు ఉంది. మా ఆఫీసు అహ్మదాబాద్‌లో. ఆ హోదాలో ఉన్నవాళ్లు మామూలుగా కుర్చీలోంచి కదలనక్కర్లేదు. కానీ ఈ పనికి గుజరాతీ, హిందీలతో పాటు తెలుగు కూడా వచ్చిన మనిషి కావలసి వచ్చింది. సూరత్ మరమగ్గాల మీద బతికే కుటుంబాల్లో మా కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు వాళ్లు చాలామంది. కరోనా మొదటి దెబ్బకు ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు. టీకాలు వస్తున్నాయి, ఇక గండం గడిచినట్టే అని అందరం అనుకుంటున్న రోజులవి.

మా వృత్తి గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఒక కంపెనీ కొత్త వస్తువు తెచ్చే ముందు, అది జనానికి కావాలో వద్దో మాలాంటి వాళ్ల చేత అడిగిస్తుంది. ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లు ఇన్వెస్టిగేటర్లు. వాళ్ల మీద సూపర్‌వైజర్, ఆయన మీద ఫీల్డ్ మేనేజర్. వచ్చిన జవాబులకు అర్థం చెప్పి కంపెనీ ముందు పెట్టేది రీసెర్చ్ డైరెక్టర్. మా డైరెక్టర్ పరాగ్ భాయ్, నాకంటే పదేళ్లు చిన్నవాడు, తెలివైనవాడు.

ఈసారి వచ్చిన వస్తువు ఒక నల్లటి డబ్బా. తయారుచేసిన ఎలక్ట్రానిక్స్ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. డబ్బాకు ముందువైపు డిస్కు పెట్టే ట్రే ఉంటుంది. ఇంట్లో ఉన్న సినిమా డిస్కుల్ని ఒక్కొక్కటిగా అందులో పెడితే, సినిమాను కాపీ చేసుకుని తనలో దాచుకుంటుంది. ఆ తర్వాత డిస్కుతో పని లేదు. వైఫై ఉంటే చాలు, ఆ సినిమాను ఇంట్లో ఏ గదిలోనైనా టీవీలోనో ఫోన్‌లోనో చూసుకోవచ్చు. దాన్ని హోమ్ మీడియా సర్వర్ అంటారు. సినిమాల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని కొంటారని కంపెనీకి తెలుసు. మామూలు ఇళ్లలో మామూలు మనుషులకు కూడా ఇది కావాలా అన్నదే వాళ్ల ప్రశ్న.

అంతకు ముందే ఫోన్లో ఒక సర్వే చేయించారు. మీ దగ్గరున్న సినిమాలన్నీ ఒకే డబ్బాలో దాచుకునే వీలుంటే మీకు ఇష్టమేనా అని అడిగితే ఎక్కువమంది అవునన్నారు. ఆ అవును నాకు నమ్మకం కలిగించలేదు. ఇంట్లో ఊరికే కూర్చున్న రోజుల్లో, ఎవరో మర్యాదగా ఫోన్ చేసి మీకు మంచిది ఇస్తే ఇష్టమేనా అంటే కాదనేవాళ్లు ఎందరు? డబ్బాను కొన్ని ఇళ్లలో పెట్టి, వాళ్ల మానాన వాళ్లను వదిలేసి, ఏం చేస్తారో చూద్దామని పట్టుబట్టాను. దీన్ని మేము ప్లేస్‌మెంట్ అంటాం. కరోనా కాలంలో ఇళ్లలోకి వెళ్లడం ఏమిటని పరాగ్ భాయ్ వెనకాడాడు. నేను పోతాను, ఇన్వెస్టిగేటర్లను పంపను అన్నాను. ఒప్పుకున్నాడు.

ప్లేస్‌మెంట్‌కు కట్టుదిట్టమైన నియమాలు ఉంటాయి. కంపెనీ టెక్నీషియన్ వచ్చి డబ్బా బిగించి, ఎలా వాడాలో ఒకసారి చూపించి వెళతాడు. ఆ తర్వాత ఏదైనా ఇబ్బంది వస్తే కంపెనీ హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేయాలి. పరిశీలనకు వెళ్లినవాళ్లు ఆ వస్తువును ముట్టుకోకూడదు, వాడకం నేర్పకూడదు, దాన్ని మెచ్చుకోకూడదు. రోజూ సాయంత్రం ఆ ఇంటివాళ్లు ఒక వాయిస్ మెసేజ్ పంపాలి. ఈరోజు ఏమీ చేయలేదు అన్నా అది జవాబే.

ఫోన్ సర్వేలో అవునన్నవాళ్లలోంచి నేను ఎంచుకున్న ఇళ్లలో, సూరత్ డిండోలి పేటలోని వేముల రాజేశం ఇల్లు ఒకటి. రాజేశం మరమగ్గాల కార్ఖానాలో మాస్టర్, అంటే మగ్గం ఆగిపోతే సరిచేసే మనిషి. ఇరవై ఏళ్లు ఆ చప్పుడులో నిలబడి చెవులు మందగించాయి. మామూలు మాట వినబడదు, గట్టిగా చెప్పాలి. భార్య భాగ్య ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అంటించే పని చేస్తుంది. కూతురు మౌనిక కాలేజీ చదువు ఆన్‌లైన్లో సాగుతోంది. రాజేశం తల్లి ఎల్లవ్వకు ఆయాసం. కింద హాలు, వంటగది. బయటి మెట్లెక్కితే పైన ఒక గది. అందులో కిరాయికి ఉండే మగ్గాల కుర్రాళ్లు మొదటి లాక్‌డౌన్‌లో ఊరికి పోయి మళ్లీ రాలేదు.

రాజేశానికి ఒక్కటే సరదా, తెలుగు సినిమా డిస్కులు. ఊరికి పోయినప్పుడల్లా బస్టాండు దగ్గర షాపులో కొనుక్కొచ్చేవాడు. అన్నీ ఒరిజినల్‌వే. ఫుట్‌పాత్ మీద దొరికే దొంగ డిస్కులు మధ్యలో ఆగిపోతాయని వాటి జోలికి పోడు. బీరువాలో చీరల పక్కన వాటికొక అర. డబ్బా బిగించిన రోజు ఆ అర తెరిచి నాకు చూపించాడు.

"ఇవన్ని గండ్ల వడ్తయా మేడం?" అని గట్టిగా అడిగాడు. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినబడదనుకునే అలవాటు.

అందులో పడతాయో లేదో మీరే చూసి చెప్పండి అన్నాను. నియమం అదే.

మొదటి వారాల్లో భాగ్య పంపిన మెసేజ్‌లన్నీ ఒకే తీరు. "ఇయ్యాల ఏం పెట్టలే మేడం. చీరలు ఎక్కువున్నయి." మౌనిక మాత్రం తన క్లాసుల రికార్డింగులు, ఫోన్ ఫోటోలు డబ్బాలోకి పంపుకుంది. సినిమా ఒక్కటీ ఎక్కలేదు. ఆదివారం ఆదివారం రాజేశం బీరువాలోంచి డిస్కు తీసి, పాత ప్లేయర్లో వేసుకుని, వీధంతా వినబడేంత సౌండుతో చూసుకుంటూనే ఉన్నాడు. డబ్బా దాని పక్కనే ఉంది.

ఒకరోజు వెళ్లినప్పుడు భాగ్యను కారణం అడిగాను. ఆమె స్టోన్ అంటిస్తూనే అంది: "సినిమా జూడాలంటే డిస్కు ఏస్తం, చూస్తం. దాన్ని ముందుగాల డబ్బల ఎక్కిచ్చి మళ్ల డబ్బలకెల్లి చూసుడెందుకు? ఒక్క పనికి రెండు పన్లు."

అదే వారం అడాజణ్‌లో ఇంకో ఇంటికి వెళ్లాను. ఆయన బ్యాంకు ఉద్యోగి, డిస్కులు సేకరించడం హాబీ. ఎక్కువ భాగం పాత వీసీడీలు. రోజూ కొన్ని డబ్బాలోకి ఎక్కిస్తూ, వాటి బొమ్మలు, నటుల పేర్లు పొందికగా పెట్టుకుంటున్నాడు. ఎంతో సంతోషంగా ఉన్నాడు. ఎక్కించినవాటిలో ఎన్ని చూశారని అడిగితే నవ్వేశాడు. ఇంకా చూడటం మొదలుపెట్టలేదు, ముందు ఎక్కించడం అయిపోనీ అన్నాడు. కోసాడ్ ప్రభుత్వ గృహాల్లో మరో కుటుంబం డబ్బాను పిల్లల వీడియోలకు వాడుతోంది, డిస్కు ట్రే మీద దువ్వెనలు పెట్టుకుంది. నాకు బొమ్మ కొంచెం కొంచెంగా కనబడుతోంది. కానీ ఇంకా ఏ ఇంట్లోనూ ఆ డబ్బాతో నిజమైన అవసరం పడలేదు. అవసరం పడనంతవరకు ఏ తీర్పూ నమ్మదగినది కాదు.

మార్చి చివరికొచ్చేసరికి నగరం మళ్లీ మారిపోయింది. ఉధ్నాలో నేను అద్దెకున్న గది కిటికీ కింద నుంచి అంబులెన్సులు తెరిపి లేకుండా పోతుండేవి. ఇళ్ల సందర్శన ఆపేశాం. మెసేజ్‌లు, ఫోన్లు మాత్రమే మిగిలాయి. అహ్మదాబాద్‌కు వచ్చేయమని పరాగ్ భాయ్ అన్నాడు. ప్లేస్‌మెంట్ ముగిసేదాకా రానన్నాను. ధైర్యం ఉండి కాదు, సగంలో వదిలేస్తే ఇన్నాళ్లు చూసింది దేనికీ పనికిరాదని.

ఏప్రిల్ మొదట్లో రాజేశానికి జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. ఆయాసమున్న తల్లి ఇంట్లో ఉంది కాబట్టి ఆయన్ను పై గదిలో ఉంచారు. మొదటి రెండు రోజులు పడుకున్నాడు. జ్వరం కాస్త తగ్గగానే ఇబ్బంది మొదలైంది. మధ్యాహ్నం భాగ్య నుంచి మెసేజ్ కాదు, ఫోనే వచ్చింది.

"మేడం, ఈయన పైన ఆగుతలేడు. నాకేం గాలే అనుకుంట దిగొస్తున్నడు. అత్త పక్కన కూసుంటడు. ఒక్కన్ని గోడలు జూస్కుంట ఎట్లుండాలె అంటడు. ముసలమ్మకు అంటుకుంటే బతుకుతదా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. పంతం ఉంది. మొగుణ్ని పైన కట్టిపడేయడానికి ఒక్క ఉపాయమే ఉందని ఆమె తేల్చుకుంది. సినిమా. డబ్బాలోకి ఎక్కిస్తే పై గదిలో ఫోన్లో కనబడుతుందని టెక్నీషియన్ చెప్పిన మాట గుర్తొచ్చింది. బీరువాలోంచి ఆయనకు బాగా ఇష్టమైన జానపద సినిమా తీసి ట్రేలో పెట్టింది. డబ్బా కాసేపు గిర్రున తిప్పి బయటికి నెట్టేసింది. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే.

మౌనిక ఫోన్ అందుకుంది. "ఆంటీ, స్క్రీన్ మీద ప్రొటెక్టెడ్ డిస్క్ అని బతాతా హై. అన్నిటికీ గదే వస్తున్నది."

హెల్ప్‌లైన్‌కు చేయమన్నాను. చేశారట, ఎవరూ ఎత్తడం లేదు. అప్పుడు నేనే కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాను. అతను ఉన్నమాట చెప్పాడు. ఒరిజినల్ డిస్కుల్లో చాలావాటికి, కాపీ చేయడానికి వీల్లేకుండా తయారుచేసినవాళ్లే తాళం వేస్తారు. మా డబ్బా ఆ తాళం తీయదు, తీయకూడదు, అది చట్టంతో ముడిపడిన విషయం అన్నాడు. పాత వీసీడీలు, తాళం లేని చవక డిస్కులు అయితే ఎక్కుతాయట. ఈ సంగతి డబ్బా వెంట వచ్చిన కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందన్నాడు. ఫోన్ సర్వేలో ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు.

నియమం ప్రకారం నేను కల్పించుకోకూడదు. కానీ ఎక్కదని తెలిసి కూడా ఆ ఇంట్లో రోజంతా డిస్కులు మారుస్తూ కూర్చోనివ్వడం నాకు సమ్మతం కాలేదు. భాగ్యకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, చెప్పినట్టు ఆ ఇంటి కేసు రికార్డులో కూడా రాసిపెట్టాను.

ఆమె అంతా విని అడిగింది: "అంటే మేం పైసలు వెట్టి కొన్నదానికే తాళమా మేడం? గల్లీల దొంగ డిస్కు తెచ్చినోనికి లేదా?"

అంతే అన్నాను.

"సరే తియ్యి," అని పెట్టేసింది.

గంటలో పక్కింటివాళ్ల దగ్గర అదే సినిమా ఫుట్‌పాత్ డిస్కు సంపాదించింది. గడప మీద పెట్టించి, శానిటైజర్‌తో తుడిచి, డబ్బాలో పెట్టింది. అది నోరు మెదపకుండా ఎక్కింది. సాయంత్రానికి పై గదిలో రాజేశం ఫోన్లో సినిమా కనబడింది. మౌనిక నాకు పంపిన మెసేజ్‌లో ఇంటిల్లిపాది సంబరం వినిపించింది.

మర్నాడు పొద్దున రాజేశం మళ్లీ కిందికి దిగాడు. చేతిలో ఫోన్ పట్టుకుని, మెట్ల మీదే నిలబడి కోపంగా అరిచాడట: "బొమ్మ గనవడ్తున్నది గని ఒక్క మాట ఇనవడ్తలేదు! గిదేం సినిమా?" ఫోన్లోంచి వచ్చే సన్నని సౌండు మగ్గాల మనిషి చెవులకు ఏ మూలకూ సరిపోలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే తల దిమ్మెక్కుతోందని తీసి పారేశాడు.

ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు భాగ్య విసిగిపోయి ఉంది. నేను అలవాటు ప్రకారం, డబ్బాలో ఏమి మార్చితే మీకు పనికొస్తుందనుకుంటున్నారు అని అడిగాను. ప్రశ్నావళిలో ఉన్న ప్రశ్న అది.

"అక్కా," అంది, మొదటిసారి మేడం అనకుండా. "నాకు సినిమా కాపీ ఒద్దు. నాకు సినిమా గావాలె. పైన. గట్టిగ ఇనవడాలె. గంతే."

ఇక డబ్బా సంగతి ఆమె మరిచిపోయింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టీవీ వైపు చూసింది. అది ఎల్లవ్వకు కాలక్షేపం. పొద్దుటి భక్తి కార్యక్రమాలు, సాయంత్రం సీరియళ్లు, కదలలేని మనిషికి అదే లోకం. భాగ్య అడగడానికి తటపటాయిస్తుంటే ముసలావిడే అందట: "తీస్కపో బిడ్డా. నేను ఇనుకుంట పండుకుంట. వాడు కిందికి రాకుంటే సాలు."

భాగ్య, మౌనిక ఇద్దరూ టీవీని దుప్పట్లో చుట్టి బయటి మెట్ల మీదుగా మోశారు. ఒకసారి జారితే భాగ్య మోకాలు గీసుకుపోయింది. పైన గది గుమ్మం బయట పెట్టి కిందికి వచ్చేశాక, రాజేశం తలుపు తీసి లోపలికి లాక్కున్నాడు. తర్వాత ప్లేయరు, స్పీకర్లు, బీరువా అరలోని డిస్కులన్నీ ఒక సంచిలో పోసి అలాగే పంపారు. కింద హాలులో మా నల్లడబ్బా ఒక్కటే, టీవీ లేని గోడకు ఎదురుగా మిగిలింది.

ఆ రోజు నుంచి రాజేశం దిగలేదు. పై గదిలో సినిమా మోగుతుంటే కింద స్లాబు అదిరేది. భాగ్య మెసేజ్‌ల వెనక ఆ సంభాషణలు నాకూ వినబడేవి. ఎల్లవ్వ మంచం మీద పడుకుని, పైనుంచి వచ్చే మాటల్ని బట్టి కథ ఎక్కడిదాకా వచ్చిందో మనవరాలికి చెప్పేదట.

నేను పరాగ్ భాయ్‌కి వారం వారం ఇచ్చే సమాచారంలో ఇదంతా చెప్పాను. ఆ ఇంటిని శాంపిల్ నుంచి తీసేద్దామన్నాడు. ఇంట్లో జబ్బు వస్తే వాడకం మామూలుగా ఉండదు, అలాంటి ఇంటిని పక్కన పెట్టడం మా వృత్తిలో రివాజే. ఆయన అన్నది తప్పు కాదు. కానీ అలా తీసేసే ముందు ఆ ఇంటివాళ్లకు చెప్పాలి. చెప్పాను. మీరు ఈ కష్టంలో రోజూ మెసేజ్ పెట్టనవసరం లేదు, ఇంతటితో మానేయవచ్చు అన్నాను.

భాగ్య ఒప్పుకోలేదు. "మానేస్తె మా సంగతి రాయరు గద. రాయాలె అక్కా. మా ఇంట్ల గిది పనికి రాలేదని రాయాలె. అటెన్క ఎవలన్న కొనుక్కుంటే?"

ఆ ఇంటిని ఉంచాలని నేను ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం జరిగింది భాగ్య నాకు చాలా తర్వాత, తీరిగ్గా చెప్పింది. ఆమె వంటింట్లో ఉంది. మౌనిక క్లాసులో ఉంది. హాలులోంచి ఎల్లవ్వ పిలిచింది.

"ఓ భాగ్యా, గదే పాట వస్తున్నదే. ఎప్పటిసంది గదే."

డిస్కు సినిమా అయిపోయాక టీవీ మీద మళ్లీ మొదటి బొమ్మ వచ్చి నిలబడుతుంది. ఆడాలా, ఏ పాట కావాలో ఎంచుకోండి అని అడిగే తెర. దానికి వెనక ఒక చిన్న సంగీతం ముక్క ఉంటుంది. ఎవరైనా మీట నొక్కేదాకా అదే తిరిగి తిరిగి వస్తుంది. వంటింట్లో ఉన్న భాగ్యకు అది మామూలు చప్పుడే, సినిమా నడుస్తోందనే అనుకుంది. రోజుల తరబడి పైకప్పును వింటూ పడుకున్న ముసలావిడకు మాత్రం తేడా తెలిసింది. సినిమా అయిపోతే కొడుకు వెంటనే ఇంకొకటి వేస్తాడు. ఈసారి వేయలేదు.

భాగ్య మాస్కు కట్టుకుని మెట్లెక్కింది. తలుపు తోసేసరికి రాజేశం గోడకు చేరగిలబడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, మాట రావడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. వేలికి ఆక్సీమీటర్ పెడితే అంకె ఎనభైల మొదట్లో ఉంది. టీవీలో ఆ ముక్క సంగీతం అలాగే మోగుతోంది.

ఆ రోజుల్లో సూరత్‌లో పడక దొరకడం ఎంత కష్టమో అక్కడున్నవాళ్లకు తెలుసు. మౌనిక గుజరాతీలో, హిందీలో ఫోన్లు చేస్తూనే ఉంది. మా వైపు వాళ్లు ఒక బడిలో నడుపుతున్న కోవిడ్ సెంటర్లో ఆక్సిజన్ సిలిండర్ ఉందని తెలిసి ఆటోలో తీసుకుపోయారు. అక్కడి నుంచి మర్నాడు ప్రభుత్వాసుపత్రికి మార్చారు. ఆ వారం భాగ్య నుంచి మెసేజ్‌లు రాలేదు. నేను అడగలేదు. మౌనిక ఒక్కసారి మాత్రం పెట్టింది: "ఆంటీ, బాపు ఉన్నడు. అవ్వకు నెగెటివ్."

మే నెల సగంలో రాజేశం ఇంటికి వచ్చాడు.

జూన్‌లో నేను అహ్మదాబాద్ చేరేసరికి రిపోర్టు చిత్తుప్రతి సిద్ధంగా ఉంది. పరాగ్ భాయ్ రాసిన మొదటి పేజీలో ఫోన్ సర్వే ఫలితం ఉంది: సాధారణ వినియోగదారులు తమ సినిమాలను కాపీ చేసి దాచుకోవాలని కోరుకుంటున్నారు. ఇళ్లలో మేము చూసింది చివర, 'ఇతర పరిశీలనలు' అనే శీర్షిక కింద ఉంది. కంపెనీవాళ్లకు ఆ మొదటి పేజీయే కావాలి. ఏడాదికి పైగా పనులు లేక మా ఆఫీసులో చాలామందిని ఇంటికి పంపించారు. ఈ కంపెనీ మళ్లీ పని ఇస్తే ఇంకొందరి ఉద్యోగాలు నిలుస్తాయి. పరాగ్ భాయ్ ఈ మాటలు దాచకుండా నాతో అన్నాడు.

మా సంస్థలో ఏ రిపోర్టు బయటికి పోవాలన్నా ఫీల్డ్ సర్టిఫికెట్ ఉండాలి. రాసినదానికీ ఫీల్డ్‌లో చూసినదానికీ పొంతన ఉందని ఫీల్డ్ మేనేజర్ సంతకం చేస్తారు. మామూలుగా అది చదవకుండానే పెట్టే సంతకం. నేను పెట్టనన్నాను.

"అబద్ధం ఒక్కటీ రాయలేదు కదా బెన్," అన్నాడు పరాగ్ భాయ్, అక్కా అని పిలిచే గుజరాతీ పిలుపుతో. "అవునన్నారు. అదే రాశాం."

"అవునన్నవాళ్ల ఇళ్లలోనే డబ్బాలు పెట్టాం. వాళ్లు ఏం చేశారో ముందు రాయండి, ఏమన్నారో తర్వాత రాయండి," అన్నాను.

ఆ వాదన రెండు రోజులు నడిచింది. గొంతులు పెద్దవి కాలేదు కానీ ఇద్దరం భోజనం వేర్వేరుగా చేశాం. మూడో రోజు ఆయన పేజీల వరస మార్చి పంపాడు. సంతకం పెట్టాను.

వీడియోలో జరిగిన సమావేశంలో కంపెనీ ప్రోడక్ట్ హెడ్ మమ్మల్ని న్యాయంగానే ప్రశ్నించాడు. జబ్బు పడ్డ ఇల్లు ఒక మినహాయింపు కదా అన్నాడు. ఆ ఏడాది అది మినహాయింపు కాదని చెప్పాను. పైగా వస్తువు పనికొస్తుందో లేదో తెలిసేది ఇంట్లో అన్నీ బాగున్న రోజున కాదు అన్నాను. డిస్కులకు తాళం లేకుండా ఉంటే, ఆయన చెవులు బాగుంటే, వాళ్లు డబ్బానే వాడేవారు కదా అని అడిగాడు. వాడేవారేమో, నేను చూడలేదు, చూడనిదాని గురించి చెప్పలేను అన్నాను. చూసింది మాత్రం స్పష్టంగా చెప్పాను. కాపీ చేసుకోవడం ఇష్టమైనవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఆ పనే సరదా. మిగతా ఇళ్లకు కావలసింది సినిమా మాత్రమే. దాన్ని తమకు కావలసిన చోటికి, వినబడేలా చేర్చే దారి డబ్బా కంటే తేలిగ్గా ఇంకొకటి ఉంటే, అది మెట్ల మీద టీవీ మోయడమైనా సరే, ఆ దారే పడతారు. డబ్బు పెట్టి అసలు డిస్కు కొన్నవాణ్ని తిప్పి పంపి, దొంగ డిస్కును లోపలికి రానిచ్చే వస్తువును ఏ ఇల్లూ గౌరవించదు.

రాజేశం ప్రాణం దక్కిన సంగతిని రిపోర్టు ముగింపులో పెడదామని మా ఆఫీసులో ఒక జూనియర్ రీసెర్చర్ అడిగింది. డబ్బాలో వరసగా సినిమాలు ఆడుతూ ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, చేత్తో మార్చవలసిన డిస్కు కాబట్టే తెలిసింది, విన్నవాళ్లకు మనసుకు తగులుతుంది అంది. వద్దన్నాను. అది జరిగింది, నిజమే. కానీ అది వినియోగదారుల అవసరం కాదు, ఒక ఇంటి అదృష్టం. దాన్ని చూపించి కంపెనీ ఒక నిర్ణయం తీసుకునేలా చేయడం, ఫోన్లో అవును అనిపించుకుని అలా చేయడం కంటే మేలైన పనేమీ కాదు. కేసు రికార్డులో ఉంచి, సమావేశంలో మాట్లాడలేదు.

కంపెనీ డిస్కు ట్రే తీసేసింది. మరుసటి ఏడాది ఫోన్ ఫోటోలు, వీడియోలు దాచుకునే డబ్బాగా అమ్మకానికి పెట్టింది. ఎంత అమ్ముడయ్యిందో నాకు తెలియదు. మాకు మాత్రం వాళ్లు మళ్లీ పని ఇవ్వలేదు. ఈ విషయంలో పరాగ్ భాయ్ నన్ను ఒక్క మాట అనలేదు.

2021 జులైలో డబ్బాలు వెనక్కి తేవడానికి సూరత్ వెళ్లాను. డిండోలి ఇంట్లో టీవీ మళ్లీ కిందికి వచ్చింది. రాజేశం రాత్రి పాళీ మానేసి పగటి పాళీకే పోతున్నాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసపడుతున్నాడు, సౌండు మాత్రం తగ్గించలేదు. భాగ్య డబ్బాను తుడిచి, వైర్లు చుట్టి సిద్ధంగా ఉంచింది. మౌనిక తన ఫోటోలన్నీ తీసేసుకుంది. ఏం రాశారని భాగ్య అడిగింది. మీ ఇంట్లో పనికి రాలేదని మొదటి పేజీలోనే రాశానని చెప్పాను. మంచిదంది, చాయ్ పెట్టడానికి లేచింది.

2022 చివర నేను రిటైరయ్యాను. మిగిలిన ఆ ఏడాదిన్నరలో నా చేతి మీదుగా పోయిన ప్రతి ప్రశ్నావళిలోనూ 'మీకు ఇష్టమేనా' అనే ప్రశ్నను కొట్టేసి, 'కిందటిసారి అవసరం పడ్డప్పుడు ఏం చేశారు' అని రాయించాను. జవాబులు తక్కువ వచ్చేవి, రాబట్టడానికి ఎక్కువ సమయం పట్టేది. కానీ వచ్చినవాటి మీద సంతకం పెట్టడానికి నేనెప్పుడూ వెనకాడవలసిన పని పడలేదు.